పంక్‌కు ‘చర్’ తగిలిన ఆదివారం

నాకు పంతొమ్మిదేళ్లున్న ఆ రోజుల్లో ‘సారీ’ అనే మాట నోటికి వచ్చేది కాదు. తప్పు నాదైతే అసలే వచ్చేది కాదు. జుట్టు ఒక పక్క గొరిగించుకుని (అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు, ఆ మూడు రోజులూ మస్తు హాయిగా గడిచాయి) ఇద్దరు దోస్తులతో బ్యాండు పెట్టాను. ఒక గిటారు, ఒక మర్ఫా డోలు, నా గొంతు. ఇంట్లో పాడితే అమ్మ, మిద్దె మీద పాడితే గల్లీ అంతా తరిమేది. మిగిలింది బస్తీ గ్రంథాలయం హాలు. దాని కార్యదర్శి సారు రిటైరైన లెక్కల మాస్టారు. “మీ పాట ఏందో ముందుగాల జనానికి చూపియ్యి. చూసినోళ్లు రిజిస్టర్ల మంచిగ రాస్తే ఆదివారాలు హాలు మీదే” అన్నారు.

సరే, ఒక పంక్ గాయకుడి మీద తీసిన డాక్యుమెంటరీ సంపాదించాను. (పంక్ అంటే రాగం కన్నా అరుపు ఎక్కువుండే తిరుగుబాటు సంగీతం, మా బ్యాండుదీ అదే.) బోర్డు రాయమని ధూల్‌పేట్ పెయింటర్ అన్నకు చీటీ ఇచ్చాను. వినాయకులకు రంగులేశాక మిగిలిన కాలమంతా దుకాణాల బోర్డులు రాసే మనిషి. చీటీలో ‘పంక్ పాటగాడి కథ’ అని ఉంటే, పాపం పిల్ల తొందరలో అక్షరం మింగిందనుకుని తనే దిద్దాడు. ఆదివారం పొద్దున చూస్తే గేటుకు ‘పంక్చర్ పాటగాడి కథ, అందరూ రండి’ అని వేలాడుతోంది. నేను లొల్లి పెడితే, “ఇన్నేండ్ల సంది బోర్డులు రాస్తున్న చెల్లే, ఉత్త పంక్ అని ఏడనన్న ఉంటదా?” అని నాకే ఎదురు తిరిగాడు.

మా మూల మీది పంక్చర్ చాచా, తోటి దుకాణాల వాళ్లను నలుగురిని వెంటేసుకుని, ఉతికిన లాల్చీతో, అత్తరుతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. “మా పని మీద సినిమా తీసిన్రంట” అని గల్లీ అంతా చెప్పుకున్నాడట. తెర మీద గాయకుడు చొక్కా చింపుకుని గంటసేపు అరిచాడు. (చివర్లో ఒక వ్యాను కనబడేసరికి ముందు వరుస ఆశగా సర్దుకుని కూర్చుంది. దానికి పంక్చర్ కాలేదు.)

తర్వాత రిజిస్టర్. “పిల్లగానికి పన్ను నొస్తున్నట్టుంది, డాక్టరుకు చూపియ్యున్రి” అని పూజారి గారి భార్య రాసింది. “పాట ఎప్పుడు షురూ అయితదా అని ఆఖరు దాంక చూసిన” అని ఒకాయన. “నల్లా నీళ్ల కోసం గిట్ల అరిచేటోడు మన గల్లీల ఒక్కడు లేడు” అని ఇంకొకాయన. (ఇది మెప్పేనని నేను వాదించాను.) చాచా చివర్లో వచ్చి, ఉర్దూలో రెండు వరుసలు బరబరా రాసి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. సారుకూ నాకూ ఉర్దూ చదవడం రాదు. ఆ ముఖం చూశాక చదవనక్కర్లేదని ఇద్దరం అనుకున్నాం.

“జనాన్ని మోసం చేసినట్టయింది బిడ్డా. కింద క్షమాపణ అని రాయి, హాలు తీసుకో” అన్నారు సారు. ఒక్క మాట. నా బ్యాండంతా ఆ పెన్ను మొన మీదే ఉంది. ‘సినిమా మంచిది. అరవాల్సినవాళ్లు అరుస్తారు. క్షమాపణ లేదు’ అని రాసి సంతకం పెట్టాను. సారు హాలుకు తాళం వేశారు. ఆ నెలలోనే డోలు పెళ్లి బరాత్‌లకూ గిటారు కోచింగ్ సెంటరుకూ పోయాయి. హాలు పోయింది ఆ రెండు వరుసల వల్లేనని నేను చాచా మీద పగ పెంచుకున్నాను. ఆ తర్వాత ఎన్నేళ్లయినా సరే, స్కూటీ టైరు దిగిపోతే ఆయన దుకాణం ముందు నుంచే తలెత్తుకుని నెట్టుకుంటూ పోయి, అవతలి వీధిలో పంక్చర్ వేయించుకునేదాన్ని. (నడి ఎండాకాలంలో కూడా.)

పోయిన నెల పాత పుస్తకాలు ఇద్దామని గ్రంథాలయానికి వెళితే, బీరువాలో ఆ రిజిస్టర్ కనిపించింది. అక్కడ పనిచేసే అమ్మాయికి ఉర్దూ వచ్చు. చదివి చెప్పింది: ‘ఇందులో మా సంగతి ఏమీ లేదు. పాట ఖరాబ్. పిల్లకు మాత్రం భయం లేదు. హాలు ఇవ్వండి.’

నవ్వొచ్చింది. మర్నాడు టైరు నిండుగానే ఉన్నా స్కూటీ నెట్టుకుంటూ వెళ్లాను. చాచా గడ్డం తెల్లబడింది. టైరు నొక్కి చూసి, “హవా పూరా ఉన్నది కదా బేటీ, ఏం గావాలె?” అన్నాడు.

“సారీ చాచా” అన్నాను. (కార్యదర్శి సారుకు మాత్రం ఇప్పటికీ చెప్పను.)

గాలి మిషను రొదలో ఆయనకు వినబడలేదు. “ఏందీ? జర జోర్‌సే చెప్పు!” అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. నడిరోడ్డు మీద నిలబడి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాను. అవతలి చాయ్ హోటల్లో వాళ్లు కూడా తిరిగి చూశారు. గాయనిగా నేను గొంతెత్తితే నలుగురు తరమకుండా విన్న మొట్టమొదటి మాట అదే.