బండి బాగైంది

మా తమ్ముడు కట్టయ్య ఏం అడిగినా ఒకటే మాట అంటాడు: "మీ ఇష్టం." అన్నం పెడితే తింటాడు, లేపితే లేస్తాడు. భార్య పూలమ్మ పోయినప్పటి నుంచీ ఇదే తంతు. ఏడ్చినా బాగుండేది, కన్నీటి చుక్క రాలలేదు. సొంత అక్కనైనా నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది. ఏం చేయను, నా నోరు అలాంటిది.

మరిపెడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వరంగల్ మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే పికప్ బండి వాళ్లది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసే పోయేవారు. ఇంజను పొగలు కక్కి ఆ బండి మడికొండలో మెకానిక్ రాంప్రసాద్ షెడ్డుకు చేరిన వారమే పూలమ్మ జ్వరంతో దవాఖానలో చేరింది. మళ్లీ ఇంటికి రాలేదు. బండి షెడ్డులోనే ఉండిపోయింది.

చివరికి రాంప్రసాద్ ఫోన్ చేస్తే తమ్ముణ్ని రెక్క పట్టుకుని నేనే తీసుకుపోయాను.

"ఇంజను మొత్తం ఇప్పాలె కట్టన్నా. బాగు చేపిస్తే ఇంకొన్నేండ్లు నడుస్తది. లేదంటే దీన్ని ఇచ్చేసి కొత్తది తీస్కో. ఏం చేద్దాం?" అన్నాడు రాంప్రసాద్.

"మీ ఇష్టం," అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్లు మండింది. "వాన్నేం అడుగుతవ్, నన్నడుగు! బాగు చెయ్యి. స్టీరింగు చేతిల పడితెనన్న మనిషైతడేమో!" అన్నాను. నా ఆశంతా అదే. కొత్త బండి చేతికి అలవాటయ్యేదెన్నడు? పాతదైతే చెయ్యి దానంతటదే గేర్ల మీదికి పోతుంది. మళ్లీ దారిలో పడతాడనుకున్నాను.

బండి తయారైన రోజు పూలమ్మ కూర్చునే ఎడమ సీట్లో నేను కూర్చున్నాను. రాంప్రసాద్ వెనక ఎక్కాడు. మడికొండ గుట్ట దాకా పోయి వచ్చాం. తమ్ముడు బాగానే నడిపాడు. దొంగసచ్చినోడు, అడ్డమొచ్చిన బర్రెను కూడా తిట్టాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

షెడ్డు ముందు ఎత్తు మీద బండి ఆపాడు. బ్రేకు మీద కాలు తీయకుండా, రోడ్డునే చూస్తూ, "దిగి రాయి పెట్టు," అన్నాడు.

ఆ బండికి హ్యాండ్‌బ్రేకు పట్టేది కాదు. ఎక్కడ ఆపినా పూలమ్మ కిందికి దూకి టైరు కింద రాయి పెట్టేది. ఆమె పెట్టానన్నాకే వీడు కాలు తీసేవాడు. నేను కదల్లేదు.

రాంప్రసాద్ నవ్వుతూ దిగి వచ్చాడు. "రాయెందుకన్నా! హ్యాండ్‌బ్రేకు గుంజు. పనిల పనిగ అది గూడ చేసిన."

తమ్ముడు గుంజాడు. మెల్లగా కాలు తీశాడు. బండి ఇంచు కూడా కదల్లేదు.

చాలాసేపు ఆ పిడి పట్టుకునే ఉన్నాడు. "చేపిస్తనంటె ఒద్దనేదక్కా," అన్నాడు. "'అది బాగైతే నన్ను ఇంటికాడ ఇడిసిపెట్టి పోతవ్' అనేది."

ఇంజను ఆపి, తాళం తీసి నా ఒళ్లో పెట్టాడు.

"అమ్మెయ్యమను. దీంట్ల ఒక్కన్ని కూసోలేను."