పత్తి గోదాములో మా హైస్కూలు

ఆ రోజుల్లో భైంసా వైపు బడి పెట్టడానికి చదువు వచ్చి ఉండాలన్న పట్టింపేమీ లేదు, ఖాళీ గోదాము ఉంటే చాలు. మా ఊరి పత్తి వ్యాపారి శేట్‌కు రెండున్నాయి. ఉర్దూ చదువులు పోయి తెలుగు చదువులు వస్తున్న కాలం కదా, ఒకదాంట్లో పత్తి నింపి రెండోదాంట్లో మమ్మల్ని నింపాడు. గుమ్మం మీది బోర్డు మాత్రం చూసి తీరాలి: ప్రయోగశాల, సంగీతం, తోటపని, కసరత్తు! ప్రయోగశాల అంటే హకీము పారేసిన సీసాల్లో పసుపునీళ్లు. సంగీతమంటే భజనవాళ్లు వదిలించుకున్న హార్మోనియం (ఎలుకలు తప్ప దాన్ని ఎవరూ వాయించగా వినలేదు). తోట సంగతి అడక్కండి. పత్తి దిగే నెలల్లో మా గోదాము కూడా శేట్‌కే కావాలి కనుక, పత్తి నింపిన బోరాలు మోయడమే మా కసరత్తు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు అసలు సంగతి బయటపడింది. బడికి గుర్తింపు లేదట. అది రాకపోతే మాకు పరీక్ష లేదు. మా బాపు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పరీక్ష లేకుంటే అరక పట్టు. ఎడ్లు నీ కోసమే సూస్తున్నయి." నాకు ఏడుపొచ్చింది. ఎడ్లంటే కోపం కాదు, పట్నం పోయి చదవాలని మహా పిచ్చి.

ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడనగానే శేట్ తనకు తెలిసిన ఒకే ఒక్క విద్యను బయటికి తీశాడు. అంగడికి పంపే బోరెం మూతి దగ్గర తెల్లటి పత్తి పెట్టి, అడుగున తడిసిందీ రంగు మారిందీ కూరడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. బడినీ అట్లాగే సర్దాడు. నిర్మల్ సర్కారు బడిలో చదివే తన మేనల్లుళ్లను తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టి, నన్ను చిట్టచివర హార్మోనియం పక్కన కూరాడు. "జర నోరు తెరువకురా, అందరం మునుగుతం" అన్నాడు.

వచ్చినాయన ముందు వరుసను చూడను కూడా చూడలేదు. నేరుగా నా దగ్గరికి నడిచాడు. "మా బాపు పత్తి కొనెటోడు శేట్. బోరెంల మోచేతి దాక చెయ్యి పెట్టంది బేరం మాట్లాడకపోతుండె" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "గీడ ఏం నేర్సినవ్ బిడ్డా?"

శేట్ కళ్లు ఉరిమాయి. నాకు అరక కనబడింది. ఎంత వెతుక్కున్నా ఒక్క అబద్ధమూ దొరకలేదు.

"పత్తి మోసుడు సార్. మంచిదేదో తడిసిందేదో చెయ్యి పెట్టి చెప్త."

మా పంతులు గోడవైపు తిరిగిపోయాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం "గింత పెద్ద బోర్డు మీద గిదొక్కటి రాయలేదేం శేట్?" అన్నాడు. ఆ మధ్యాహ్నం శేట్ ఇంట్లో పూరణ్ పోళీలు కడుపారా తిని, చేతిపనుల శిక్షణ భేషుగ్గా ఉందని రాసి గుర్తింపు ఇచ్చేసి పోయాడు (మోచేతి దాకా చెయ్యి పెట్టిన మనిషే!). బోర్డు మీద అయిదో కార్యక్రమం ఎక్కింది. నేను పరీక్ష రాసి గట్టెక్కాను, పట్నమూ చూశాను.

మొన్న మనవరాలిని చేర్పించడానికి కరీంనగర్‌లో ఒక బడికి పోయాను. గోడల నిండా కార్యక్రమాలే. తరగతి చూపిస్తామని లోపలికి తీసుకెళ్లారు. మమ్మల్ని చూడగానే ముందు బెంచీ పిల్లలు గడగడా ఏదో అప్పజెప్పారు. నా కాళ్లు వాటంతట అవే చివరి బెంచీకి నడిచాయి. అక్కడొక చిన్నది ముడుచుకుని కూర్చుంది. "గీడ ఏం నేర్సినవ్ బిడ్డా?" అన్నాను. అది టీచరమ్మ వంక ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"నోరు తెరువద్దన్నరు తాతా."

నవ్వొచ్చింది. కాస్త జరగమని చెప్పి, దాని పక్కనే కూర్చున్నాను.