మడవకు అడ్డం పెట్టే గోతం

మతిమరుపు మనుషులంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. మా మిరపతోట పక్క చేను ఆయన నాకంటే మూడేళ్లే పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. చేతులు వణికేవి, చెప్పిందే మళ్లీ చెప్పేవాడు. కొడుకు నరసరావుపేట తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే, వయసు మీదపడి మెదడు కుంచించుకుపోయింది, నరాలు మందగించాయి అన్నాడట డాక్టరు. టీ బంకు దగ్గర నేను తెగ నవ్వాను. ఉంటేగా కుంచించుకుపోవడానికి అన్నాను. డెబ్బై ఏళ్లొచ్చినా కాలవ నీళ్ల వంతులన్నీ నాకు నోటికొచ్చునని గొప్పలు పోయాను.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున వెళ్లి చూస్తే నా తోటంతా నీళ్లు. కాలవ నుంచి చేలోకి నీళ్లు మళ్లే మడవ తెరిచి ఉంది. దానికి అడ్డం పెట్టే మట్టి నింపిన యూరియా గోతం లేదు. మిరప వేళ్లు కుళ్లి, నాలుగు రోజుల్లో మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ మడవ మా ఇద్దరికే ఉమ్మడి. ఇంకెవరు తీస్తారు?

నలుగురి ముందూ నిలదీశాను. "నువ్వే తీసి మర్చిపోయావన్నా. ఒప్పుకో."

ఆయన తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు. "గుర్తు లేదురా. నేనే తీసుంటాలే" అన్నాడు.

వణికే చేతులతో అంత బరువు గోతం ఎట్లా లేపాడని ఒక్కడూ అడగలేదు. అందరూ మహా తెలివైనవాళ్లే. ఆ రోజే కొడుకు ఆయన చేతిలో పార లాక్కుని, ఇక చేలోకి రావద్దన్నాడు. నేను మీసం దువ్వుకున్నాను, వెధవని.

నెల తర్వాత నా మోపెడ్ సంచిలో ఏదో వెతుకుతుంటే అడుగున ఆ గోతం దొరికింది. మట్టి దులిపి, మడత పెట్టి ఉంది. నీళ్లు పెట్టాక మధ్యలో ఎవరూ మడవ కట్టెయ్యకుండా గోతం దులిపి వెంట తెచ్చుకునే పాడు అలవాటు ఊళ్లో నా ఒక్కడిదే. ఎంత ఆలోచించినా తీసిన సంగతి గుర్తుకు రాలేదు. ఆ సాయంత్రం పొలం వెళ్లినట్టే గుర్తు లేదు. థూ, ఈ బుర్రను చూసుకునా నేను మిడిసిపడ్డది!

సిగ్గు చంపుకుని గోతం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఊరికే కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, నేనే తీశానన్నాను. ఆయన గోతం తడిమి చూసి, నావైపు జాలిగా చూశాడు.

"నీకు మతి లేదు గానీ, తీసింది నేనేరా. నలుగురిలో ఒప్పుకున్నాగా. తోట పోగొట్టా, ఏమనుకోమాక."

తర్వాత చాలాసార్లు వెళ్లి కాదని చెప్పాను. అన్నం తిన్న సంగతి మర్చిపోతాడు గానీ, ఆ ఒక్కటీ మర్చిపోవడం లేదు.