రేసు కారుకు నేను పెట్టిన కొలత

పోయినవి ఇవి: పదకొండు రోజులు, కొత్త సెన్సర్లు రెండు, ఐదు వోల్టులు ఇచ్చే చిన్న బోర్డు ఒకటి, నాలుగు మీటర్ల వైరు, టీములో ఒక అమ్మాయి స్థానం.

మౌలాలిలో నాది మోటార్ వైండింగ్ షాపు. చదువు పదో తరగతితో ఆగింది. చుట్లు, వోల్టులు, ఆంపియర్లు నాకు నేనే లెక్కగట్టి నేర్చుకున్నాను. ఏది కొలిచినా నోటుపుస్తకంలో రాసి పక్కన తేదీ వేస్తాను. షాపు పక్క షెడ్డును ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు అద్దెకు తీసుకుని, మోటార్‌సైకిల్ ఇంజనుతో రేసు కారు కడుతున్నారు. పోటీకి మూడు వారాలుందనగా ఇంజను మొండికేసింది. స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంది. నన్ను చూడమన్నారు.

యాక్సిలరేటర్ ఎంత తొక్కారో ఇంజను కంప్యూటర్‌కు చెప్పేది ఒక చిన్న సెన్సర్. రెండు స్క్రూలు వదులు చేసి దాన్ని కొద్దిగా తిప్పితే వోల్టేజీ మారుతుంది. కాలు తీసినప్పుడు 0.60 వోల్టు ఉండాలి. 0.55 కన్నా తగ్గితే వైరు తెగిందనుకుని ఇంజను ఆపేస్తుంది కంప్యూటర్. నా మీటరుతో 0.60 పెట్టి స్క్రూలు బిగించాను. వైరింగ్ చూసే అమ్మాయి ఆ కంప్యూటర్‌కు తగిలించిన ల్యాప్‌టాప్‌లో మాత్రం 0.52 కనబడింది. ఆమె మూడో సంవత్సరం, మెట్టుగూడ నుంచి బస్సులో వచ్చేది.

పొడుగు వైరు దాటి వస్తుంది కదా, దారిలో తగ్గుతుందన్నాను. వైరు మార్చింది. అదే 0.52. సెన్సర్ మార్చాం, తర్వాత ఇంకొకటి. బోర్డు నుంచి సెన్సర్‌కు పోయే ఐదు వోల్టుల లైను కొలిస్తే 5.75 వచ్చింది. బోర్డు పోయిందన్నాను. కొత్త బోర్డూ 5.75 చూపింది. ఒకే లాటులోవి అయ్యుంటాయనుకుని అదీ రాసుకున్నాను.

ఆపి ఉన్న కారు బ్యాటరీ, 12.6 దగ్గర ఉండాల్సింది, 14.5 చూపిన రోజు ఆ అమ్మాయి అంది: "అంకుల్, అన్నీ ఎక్కువే చూపిస్తుంది. జెర వేరే మీటరుతో చూద్దామా?"

"ఈ మీటరు వయసులో నీకన్నా పెద్దది బిడ్డా."

పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇప్పుడే ఛార్జర్ తీశారు, అందుకే అంత ఉందని వాళ్లకు వివరించాను.

పదో రోజు టీము కెప్టెన్ నన్ను పక్కకు పిలిచి తప్పు ఎక్కడుందని అడిగాడు. సెన్సర్లు బాగున్నాయి, వైరింగే అయ్యుంటుందన్నాను. మర్నాడు, శనివారం, ఆమెను వైరింగ్ నుంచి తీసి ఖర్చుల రిపోర్టు రాసే పనికి వేశారు. పోటీలో కారు దగ్గరికి పోవడానికి ఎనిమిది పాసులే ఇస్తారు. రిపోర్టు రాసేవాళ్లకు పాసు ఉండదు. రెండేళ్లుగా ఆమె పని చేసింది ఆ పాసు కోసమే.

ఆదివారం ఇంట్లో గోడ గడియారానికి కొత్త సెల్లు వేస్తూ, అలవాటు కొద్దీ కొలిచాను. 1.84. అలాంటి సెల్లు ఎంత కొత్తదైనా 1.6 దాటడం నేను చూడలేదు. మీటరు వెనక మూత తీశాను. లోపలి బ్యాటరీ దాదాపు అయిపోయింది. అది నీరసిస్తే మీటరు తక్కువ చూపదు, ఎక్కువ చూపుతుంది. కొత్త బ్యాటరీ వేశాక అదే సెల్లు 1.60 చూపింది. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే 1.15. నోటుపుస్తకం తీసి 5.75ను 1.15తో భాగించాను. సరిగ్గా ఐదు. మిగతా అంకెలూ అట్లాగే దారికొచ్చాయి.

సోమవారం పొద్దున షెడ్డుకు పోయి సెన్సర్ తిప్పి మళ్లీ 0.60 పెట్టాను. ల్యాప్‌టాప్‌లోనూ 0.60. ఇంజను ఆగలేదు. మీరు లేకుంటే మా పని ఖతం అంకుల్ అన్నాడు కెప్టెన్. తప్పు నా మీటరుదని చెప్పడానికి సమయం ఉండింది. చెప్పలేదు. బుధవారం పాసులు పంచారు. ఆమెకు రాలేదు.

తన పనిముట్ల డబ్బా తీసుకుపోవడానికి వచ్చి, నడుస్తున్న ఇంజనును కాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"తేడా ఎంతుండె అంకుల్?"

"కొంచెమే బిడ్డా."

తల ఊపి వెళ్లిపోయింది. ఆ తర్వాత కారు రెండు పోటీలకు పోయింది, ఆమె చదువు కూడా అయిపోయింది. ఆ కొంచెం ఎంతో, అది ఎవరి మీటరులోదో ఆమెకు చెప్పడం నేను ఇంకా బాకీ ఉన్నాను: 0.08 వోల్టు.