ఉప్పల్ చౌరస్తాలో బావ చేతి అన్నం

పొద్దున ఐదున్నరకు సికింద్రాబాదులో రైలు దిగాం. అడవి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన కంపెనీ మాది. బూట్లకు అక్కడి ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. సామాను దించి, సరిచూసుకుని లారీలెక్కాం. ఎక్కడికి తీసుకుపోతున్నారో మాకు చెప్పలేదు. మావాళ్లంతా హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయారు. నేనొక్కడినే టార్పాలిన్ ఎత్తి చూస్తూ కూర్చున్నాను. తార్నాక వచ్చింది. హబ్సిగూడ వచ్చింది. లారీ ఎడమకు తిరిగి నాచారం రోడ్డెక్కింది. "అరే, ఇది మా ఇంటి తొవ్వ!" అని గట్టిగానే అరిచాను. ఒక్కడూ కళ్లు తెరవలేదు.

పరిశ్రమల వాడ పక్కన, మూతపడ్డ ఫంక్షన్ హాల్లో క్యాంపు పెట్టారు. పైన రేకులు. గోడ మీద ఎవరిదో పెళ్లికి అంటించిన థర్మకోల్ పేర్లు. అక్కడికి మా ఇల్లు రెండు గల్లీల దూరం. మా చర్చి గంట వినిపిస్తుంది. దేశమంతా తిరిగినవాణ్ని, సొంత బస్తీలో డ్యూటీ పడటం అదే మొదలు, అదే ఆఖరు. గేటు దాటి ఇంటికి పోవడానికి మాత్రం అనుమతి లేదు.

మాది మిలిటరీ కాదు, కేంద్ర బలగం. ఎన్నిసార్లు చెప్పినా మా బస్తీ వినదు. ఇవాళ్టికీ నేను వాళ్లకు మిలిటరీ దానియేలునే.

ఇది తెలంగాణ రాకముందు మాట. రోజు విడిచి రోజు బంద్, లేకపోతే రాస్తారోకో. మా కంపెనీకి ఉప్పల్ చౌరస్తా అప్పగించారు. అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. ఘట్‌కేసర్ నుంచి, పీర్జాదిగూడ నుంచి వచ్చే బస్సులన్నీ ఆ నడిబొడ్డున ఇరుక్కునేవి. ఎండలు ముదిరాయి. నెత్తిన హెల్మెట్, ఛాతీకీ మోకాళ్లకూ ప్యాడ్లు, ఎడమ చేతిలో షీల్డు, కుడిచేతిలో లాఠీ. పది గంటలకే బనీను పిండితే నీళ్లు కారేవి.

మొదటిరోజే కంపెనీ కమాండర్ ఆర్డర్లు చదివాడు. ఆయన గఢ్వాల్ కొండల మనిషి. హిందీలో అన్నవి తెలుగులో చెబుతున్నాను. "చెప్పేదాకా లాఠీ ఎత్తకూడదు. ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదు. జనం ఇచ్చేది ఏదీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. దానియేల్, తెలుగువాడివి నువ్వొక్కడివే. మైకు నీది."

మంచినీళ్ల ఆర్డర్ విని మావాళ్లు మొహాలు మాడ్చుకున్నారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. ఎందుకంటే ఆ ఊళ్లోనే మా బావ ఉన్నాడు.

ఏసోబు బావ మా అక్క కరుణమ్మ భర్త. ఆటో తోలేవాడు. ఒక సాయంత్రం తాగి తోలాడు. వెనక అక్క కూర్చుంది. మల్లాపూర్ దగ్గర ఆటో పల్టీ కొట్టింది. ఆయనకు చెయ్యి విరిగింది. అక్క దవాఖానాకు చేరకముందే పోయింది. నాకు సెలవు దొరికి వచ్చేసరికి సమాధి మీది పూలు ఎండిపోయాయి. అక్కడే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను, ఈ మనిషి చేతి మంచినీళ్లు కూడా ముట్టనని.

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచేముందు మా పాస్టర్ అయ్యగారు ప్రతిసారీ అనే మాట ఒకటుంది. "ఎవరితోనన్న మాటల్లేకుంటే మొదలు పోయి కల్వుర్రి. అటెంక ఈడ చెయ్యి చాపుర్రి." అక్క పోయాక సెలవుల్లో వచ్చినప్పుడల్లా, ఆయన ఆ మాట ఎత్తుకోకముందే లేచి బయటికెళ్లేవాణ్ని. చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించేవాణ్ని. అలా ఐదేళ్లు బల్లకు దూరమయ్యాను. క్షమించాలని తెలియక కాదు, సండేస్కూలు నుంచీ తెలుసు. తెలిసినా చేతకాలేదు. లోపల ఎంత గింజుకున్నా బావ మొహం కనబడగానే నెత్తురు మసిలేది. ఇటు దేవుడికీ మొహం చూపించలేక, అటు పగనూ వదలలేక నలిగిపోయాను.

క్యాంపుకు వచ్చిన మొదటి ఆదివారం అమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియర్, అందులో చేపల పులుసు. మా సెక్షన్ కమాండర్, హర్యానా మనిషి, మూత తీయించి వాసన చూసి "తల్లి జనం కిందికి రాదు" అని తీర్పు చెప్పి లోపలికి పంపాడు. ఒక ముక్క ఆయనా తిన్నాడనుకోండి.

"ఏసోబు తాగుడు బంద్ పెట్టి రెండేండ్లాయె బిడ్డా," అంది అమ్మ. "పెండ్లిళ్లకు వంటలు జేస్తుండు. నువ్వొచ్చినవని తెల్సింది. కలుస్తనంటుండు."

"రావద్దని చెప్పు. వస్తే లోపలేస్త."

"ఏం జేసిండని ఏస్తవ్?"

"అక్కను సంపలేదా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అది నీకొక్కనికే అక్కనా? నాకు బిడ్డ గాదా? వాణ్ని సూస్తే నాకు గూడ కడుపుల మంట లేసేది. మంచిగుండాలె అనుకున్న, నాతోని కాలే. మోకాళ్లేసి అడిగిన. ప్రభువా, నువ్వు జెయ్యమన్నవ్, నాకు జేతనైతలేదు, నువ్వే జేయించు అన్న. దినాం గదే ప్రార్థన. ఒకనాడు వాడొచ్చి గడప కాడ నిలబడ్డడు. బువ్వ తిన్నవా అని అడిగిన. ఆ మాట నాది గాదు బిడ్డా."

"నీకున్నంత ఓపిక నాకు లేదమ్మా."

"నాకు మాత్రం యాడిది? అడుక్కుంటే ఇచ్చిందే గద!" అని గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక గేటు వేస్తూ నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి అమ్మ చెప్పినట్టే అడిగి చూశాను. ఏమీ జరగలేదు. పొద్దున మళ్లీ అదే మంట.

తర్వాతి వారం ఒక పెద్ద బంద్ వచ్చింది. పొద్దున ఆరుకే చౌరస్తాలో లైను కట్టాం. కడుపులో ఒక్క గ్లాసు చాయ్. పదకొండుకు జనం రోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు, డేగిశాలు ఎక్కించారు. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినడం, వంటావార్పు అనేవారు దాన్ని. రోడ్డు బంద్ చేసే పద్ధతుల్లో అంతకంటే రుచికరమైనది నేను చూడలేదు. మా పక్కనే ఉన్న వైర్‌లెస్ ఆపరేటర్, బీహారు మనిషి, సెట్టులో మాట్లాడాడు.

"కంట్రోల్, చౌరస్తా. జనం పెరిగారు. వంట మొదలైంది. ఓవర్."

"ఏం మొదలైంది? మళ్లీ చెప్పు. ఓవర్."

"వంట సార్. అన్నం, పప్పుచారు. వాసన బాగుంది. ఓవర్."

"వాసన రిపోర్టు చెయ్యక్కర్లేదు. ఔట్."

మా భోజనం వ్యాను నాచారం దగ్గరే జనంలో ఇరుక్కుంది. రెండు దాటింది. ఆకలి రుచెరుగదంటారు, మాకు ఆ పూట వాసన బాగానే తెలిసింది. కమాండర్ చెప్పమంటే నేను హెల్మెట్ అద్దం పైకెత్తి మైకు అందుకున్నాను. "అన్నలారా, అమ్మలారా, ఒక్క పక్కన తొవ్వ ఇడువుర్రి. అంబులెన్సు గిట్ల వస్తే కష్టమైతది."

నా గొంతు విని పెద్ద డేగిశా దగ్గర ఒక మనిషి తలెత్తాడు. నెత్తికి తువ్వాలు, చేతిలో గరిటె. ఏసోబు బావ.

నేను అద్దం దించేసుకున్నాను. షీల్డు మొహం దాకా ఎత్తాను. అడవిలో కాల్పులప్పుడు కూడా అలా దాక్కోలేదు.

ఇంతలో ఆ గుంపులోంచి ఒక ముసలామె లైను దగ్గరికి వచ్చింది. "పొద్దటిసంది నిలబడ్డరు బిడ్డా. తిన్నంక కొడ్తరో, కొట్టినంక తింటరో మీ ఇష్టం. మేమైతే పెడ్తం," అంది. కమాండర్ ఏమందని అడిగాడు. చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. డేగిశాల వైపు చూశాడు, మా ఎండిన మొహాల వైపు చూశాడు. నా ద్వారా ఆమెతో బేరం కుదుర్చుకున్నాడు. ఒక పక్క రోడ్డు వదిలితే మేం తింటాం. ఆమె వెనక్కి తిరిగి ఒక్క కేక వేసింది, పొయ్యిలు జరిగాయి, బస్సులు కదిలాయి.

"దానియేల్, ముందు నువ్వు తిను," అన్నాడు కమాండర్. "నీవాళ్లు. నువ్వు తింటే మిగతావాళ్లు ధైర్యంగా తింటారు. ఇది ఆర్డర్."

ఇన్నాళ్లూ కమాండర్ ఆర్డర్ చాటున దాక్కున్నాను, ఇప్పుడు ఆయన ఆర్డరే నన్ను ముందుకు తోసింది. డివైడర్ మీద కూలబడ్డాను. బావ విస్తరాకులో అన్నం పెట్టుకుని వచ్చాడు. విరిగి అతికిన చెయ్యి, కొంచెం వంకరగా ఉంది.

"పెట్టుమంటవా, దానీ?"

ఆర్డర్ ఇచ్చి నోరు తెరిపించవచ్చు గానీ, మనసు తెరిపించే కమాండర్ ఎవడు? మా కమాండర్లు ఆర్డర్ ఇస్తారు, బలం మేం తెచ్చుకోవాలి. ప్రభువు దగ్గర అలా కాదని ఆ డివైడర్ మీదే తెలుసుకున్నాను. ప్రభువా, నాతోని కాదు, అన్నాను లోపల. అంతే, అంతకంటే ప్రార్థన రాలేదు. గ్లవ్స్ తీశాను. ఎలా తీశానో ఇప్పటికీ చెప్పలేను. రెండు చేతులూ చాపాను.

"పెట్టు బావా."

ఐదేళ్ల తర్వాత ఆ పిలుపు. ఆయన ఆకు నా ఒళ్లో పెట్టి, చారు పోసి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆయనే గ్లాసుతో నీళ్లిచ్చాడు. తాగాను. ఒట్టు గంగలో కలిసింది. రెండో ముద్దకు రుచి తెలిసింది. ఎండుమిరపకాయ కాల్చి నలిపి వేసిన పప్పుచారు. అలా మా ఇంట్లో ఒక్కరే చేసేవారు.

"అక్క జేసినట్టే ఉంది," అన్నాను.

"దాని కాన్నే నేర్సుకున్న," అని తలొంచుకున్నాడు. "మాఫ్ జెయ్ దానీ. అడిగే మొహం లేదు నాకు."

"జేసిన బావా. నేను గాదు, ఆయన జేయించిండు."

ఇద్దరం ఏడ్చాం. దాచేదేముంది, నడి చౌరస్తాలో, వందల మంది ముందు. నేను అడిగింది బలం మాత్రమే. అక్క చేతి రుచిని కూడా కలిపి పెట్టాడు దేవుడు. మా ఆపరేటర్ కంగారుపడి, "కారం ఎక్కువైందా?" అని నీళ్ల బాటిల్ అందించాడు.

మరుసటి నెల మొదటి ఆదివారం ఒక గంట అనుమతి దొరికింది. యూనిఫాంలోనే చర్చికి పోయి బల్లలో చెయ్యి చాపాను. అయ్యగారు రొట్టె ఇస్తూ ఒక్కక్షణం ఆగి, నా భుజం తట్టి ముందుకు పోయారు. ఇల్లలకగానే పండగ కాదు. తర్వాత కూడా అక్క గుర్తొచ్చి మంట లేచిన రోజులున్నాయి. లేచినప్పుడల్లా అడిగాను, ఇచ్చినప్పుడల్లా తీసుకున్నాను. అమ్మ చెప్పిన "దినాం" అనే మాటకు అర్థం అప్పుడు తెలిసింది.

నెల తిరక్కముందే కంపెనీ మళ్లీ అడవికి పోయింది. రాష్ట్రం వచ్చింది. సర్వీసు ముగించుకుని నేను నాచారం తిరిగొచ్చాను. చర్చి విందులకు ఇప్పుడూ బావే వండుతాడు. వయసు మీద పడి ఉప్పు కాస్త ఎక్కువ వేస్తున్నాడు, ఎవరూ చెప్పరు.

బస్తీ వాళ్లు అడుగుతుంటారు, అన్నా, అన్ని జాగలు తిరిగినవ్, ఏం యాదికొస్తది అని. వాళ్లకు తుపాకి కథలు కావాలి. చెబుతాను, అవీ ఉన్నాయి. కళ్లు మూసుకుంటే వచ్చేది మాత్రం వేరు. ఆ రోజు నేను తినడం అయ్యాక బావ నా ఆకు అందుకున్నాడు. మిగతా అందరి ఆకులూ రోడ్డు పక్కన కుప్పలో పడ్డాయి. సాయంత్రం ఐదుకు మేం వ్యానెక్కాం. జాలీలోంచి వెనక్కి చూశాను. పొయ్యిలు ఆరాయి, జనం వెళ్లిపోతున్నారు. బావ డివైడర్ మీద నిలబడి ఉన్నాడు. నేను తిన్న ఖాళీ విస్తరాకు ఇంకా ఆయన రెండు చేతుల్లోనే ఉంది.