రేపటి పేపరు

మైకు ముందు ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. మొన్న సాయంత్రం భూపాలపల్లిలో మీటింగు ముగించుకుని, మహదేవపూర్ బస్సు కోసం నిలబడి, వేడి వేడి మిర్చి బజ్జీ తింటున్నాను. బస్టాండు రేకుల కింద మైకు గరగరమంది. ఎవరో రెండుసార్లు దగ్గి, బస్సు పేరు చెప్పారు. ఆ బస్సు నాది కాదు, ఆ గొంతు ఆయనది కాదు. అయినా బజ్జీ నమలడం మరచిపోయి, జనగామ లైబ్రరీలో యాకయ్య సార్ ముందు నిలబడ్డ ఆడపిల్లనైపోయాను.

మీరు ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే మరచిపోయేవారు కాదు. మేం సార్ అన్నామే గాని ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. జనగామ బస్టాండులో కంట్రోలరుగా పనిచేశారు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో మైకులో చెప్పడమే జీవితమైపోయి, రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో మంచినీళ్లు అడగాలన్నా ముందు గొంతు సవరించుకునేవారట. పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, పేపరును వెనక పేజీ నుంచి ముందుకు చదివేవారు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే మాకందరికీ ఆ లైబ్రరీయే దిక్కు. పేపరు మాత్రం ఒక్కటే. అది చేతికొచ్చేసరికి పది మంది చేతులు మారి, నలిగి, టీ మరకలు పడి ఉండేది. దాన్ని ముందుగా ఎవరు చదవాలన్న దానిమీదే మా మధ్య పెద్ద యుద్ధాలు జరిగేవి.

అప్పటికి నేను గ్రూప్-2 రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ నన్ను ముంచింది కరెంట్ అఫైర్సే. మాది పాలకుర్తి పక్కన పల్లె. పత్తి చేనులో నిలబడి బాపు ఒకటే మాటన్నాడు. "ఈ ఒక్కపారి రాయి బిడ్డా. కాకపోతె మీ మామ ఎరువుల దుకాణంల బిల్లులు రాసుకుంట కూసుందువు." కోపంగా అని ఉంటే నేనూ గట్టిగా జవాబిచ్చేదాన్ని. నాకు నోరు తక్కువేం కాదు. కానీ బాపు తలదించుకుని, తప్పు తనదైనట్టు అన్నాడు. దాంతో నాకు నిజంగా భయం పట్టుకుంది. బజారులో దొరికే కరెంట్ అఫైర్స్ పుస్తకాలన్నీ తెచ్చుకుని, బస్సులో, అన్నం ముందు, ఆఖరికి బట్టలు ఉతుకుతూ కూడా వల్లె వేశాను.

ఒకరోజు లైబ్రరీ మూసే వేళ అలా గొణుక్కుంటుంటే యాకయ్య సార్ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. "నిన్నటి ముచ్చటలన్ని నోటికొచ్చినట్టున్నయి. మరి రేపటి పేపర్ల ఏముంటది, చెప్పరాదు?"

"రేపటిది నాకెట్ల తెలుస్తది సార్? నేనేమన్న సోది చెప్తనా?" అన్నాను, కాస్త దురుసుగానే.

ఆయన పకపకా నవ్వారు. "పెద్దల మాట సద్దిమూట అన్నరు గని, పేపరు ముచ్చట సద్దిమూట అన్లే బిడ్డా. బస్టాండుల గిట్లనే ఉంటుండె. రేపు లగ్గాలున్నయంటె, రష్ ఎంతుంటదో ఇయ్యాల్నే ఎర్కైతది. వార్త గూడ గంతే. ఆకాశంల నుంచి ఊడిపడది. ముందుగాల మొలక కనవడ్తది. అది సూడు."

అలా మా ఆట మొదలైంది. రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, రేపటి పేపర్లో ఏం వస్తుందో ఒక్కొక్కరం చెప్పాలి. ఎందుకొస్తుందో కూడా చెప్పాలి. మర్నాడు పొద్దున సార్ పేపరు తిరగేసి చూస్తారు. ఎవరిది నిజమైతే, ఇంకా నలగని పేపరు ముందుగా వాళ్లకే. అందరికంటే ఎక్కువగా ఓడిపోయేది యాకయ్య సారే. ఒకసారి ఈ రాత్రి నుంచే జోరు వాన, రేపటి పేపర్లో అదే వార్త అని గట్టిగా చెప్పారు. మర్నాడు ఎండ మాడ్చేసింది. ఆయన మాత్రం గొడుగు పట్టుకుని వచ్చి, లైబ్రరీ లోపల కూడా దాన్ని విప్పుకుని కూర్చున్నారు. "వాన రాకపోతె నా తప్పా? నేనైతె తయారుగనే ఉన్న," అన్నారు. ఆ రోజు మాకు నవ్వుతోనే సరిపోయింది, చదువు సాగలేదు.

నేను మొదటిసారి గెలిచింది పత్తి వల్ల. మంచు పడుతున్న రోజులు. పాలకుర్తి నుంచి వస్తుంటే దారి పొడవునా పత్తి ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. బస్సులో ఒక రైతు, తేమ ఎక్కువుందని తన పత్తిని కొనకుండా తిప్పి పంపారని తిట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం, "రేపు పేపర్ల రైతులు రోడ్డు మీద కూసున్న వార్త వస్తది సార్," అన్నాను. మర్నాడు ఫోటోతో సహా వచ్చింది. సార్ ఆ పేపరును రెండు చేతుల్లో పెట్టుకుని, పెళ్లికి చీర పెట్టినట్టు నాకు అందించారు. కొత్త పేపరు వాసన అంత బాగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. తేమ శాతం ఎంతుండాలి, మద్దతు ధర ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు కొనాలి అన్నీ వెతికి చదివాను. వల్లె వేయకుండానే గుర్తుండిపోయాయి. అప్పటిదాకా నాకు వార్తలంటే ప్రశ్నలే. అప్పటి నుంచి వాటిలో మనుషులు కనిపించడం మొదలైంది.

పరీక్ష రాశాను. ఇక ఫలితాల కోసం ఎదురుచూపు. యాకయ్య సార్ రోజూ సాయంత్రం గొంతు సవరించుకుని ఒకటే చెప్పేవారు. "రేపటి పేపర్ల మన రజిత ఫోటో వస్తది." మర్నాడు రాదు. సాయంత్రం మళ్లీ అదే మాట. నాకు సిగ్గుగా ఉండేది. "ఊకె ఎందుకు ఓడిపోతరు సార్, ఇంకేదన్న చెప్పుండ్రి," అని బతిమాలాను.

"బస్సు లేటైతది బిడ్డా. రాకుంట పోదు. లేటని అనౌన్సు చేసుడు బంద్ పెడ్తమా?"

చివరికి ఒకరోజు వచ్చింది. నాయబ్ తహసీల్దారుగా ఎంపికయ్యాను. జిల్లా పేజీలో చిన్న ఫోటో వేశారు. అది ఎంత మసకగా ఉందంటే, సార్ కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి, "ఇది నువ్వేనా, మీ నాయినమ్మనా?" అని అడిగారు. ఆ రోజు ఆట గెలిచింది ఆయనే, నలగని పేపరు ఆయనదే. కానీ ఆయన దాన్ని, పరుగున వచ్చిన మా బాపు చేతిలో పెట్టారు. బాపు కూడబలుక్కుంటూ నా పేరు పైకి చదివాడు. మళ్లీ చదివాడు. ఇద్దరూ పిల్లల్లా నవ్వుతూ ఏడుస్తుంటే, నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నన్ను మహదేవపూర్‌లో వేశారు. మొదటి వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం గోదావరి పక్కనున్న చిన్న వాడకు ఏదో విచారణకు వెళ్లాను. అక్కడి వాగు ఎప్పుడూ ఉరుకుతూ నదిలో కలుస్తుంది. ఆ రోజు అది కదలకుండా నిలబడిపోయింది. నది నిండి, వాగును లోపలికి రానివ్వడం లేదు. నాకు యాకయ్య సార్ గొంతు సవరింపు వినిపించినట్టయింది. రేపటి పేపర్లో ఏముంటుంది? నీళ్ల మధ్య ఇళ్ల కప్పులెక్కిన మనుషుల ఫోటో కళ్ల ముందు మెదిలింది. మా తహసీల్దారు గారికి ఫోన్ చేస్తే, వెంటనే ట్రాక్టర్లు పంపించారు. పొద్దు గూకకముందే అందరినీ మిట్ట మీదున్న బడికి చేర్చాలి. కానీ ఒక అవ్వ కదలనంటే కదలనంది. ఆమెను చూసి మిగతావాళ్లూ ఆగిపోయారు.

"ఈ వాగును పుట్టినకాంచి సూస్తున్న. నా బర్లను ఇడిసి నేను యాడికి రాను."

"నిన్నెవరు రమ్మన్నరే అవ్వా? ముందుగాల నీ బర్లనే తోలుకపోదాం," అన్నాను.

బర్రెలు ముందు నడిచాయి. వాటి వెంట అవ్వ, అవ్వ వెంట వాడంతా నడిచింది. తెల్లారేసరికి ఆ ఇళ్లు గుమ్మాల పైదాకా మునిగిపోయాయి. లోపల ఒక్క ప్రాణి కూడా లేదు.

రెండో రోజు పొద్దున ఫోన్ మోగింది. ముందు దగ్గు వినిపించింది, తర్వాత మాట. "పేపరంత ఎనుకనుంచి ముందుదాంక సూసిన బిడ్డా. మీ దిక్కు వరదొచ్చిందని రెండు ముక్కలు రాసిండ్రు. మనుషుల ముచ్చట ఏడ లేదు."

జరిగిందంతా చెప్పాను. ఇళ్ల కప్పుల మీద మనుషులుంటారని నేననుకున్న సంగతి కూడా చెప్పాను. "నేను అనుకున్నది రాలేదు. అంటే ఓడిపోయినట్టే గద సార్?"

"ఓడినవ్ బిడ్డా," అన్నారు. ఆ గొంతులో పట్టరాని సంబరం. "గిట్లనే ఓడుకుంట ఉండు."

ఆయన పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు సాయంత్రం ఆఫీసు తాళం వేసే ముందు, మా అటెండరే నన్ను నవ్వుతూ అడుగుతాడు. "మేడం, రేపటి పేపర్ల ఏముంటది?" మబ్బు పట్టి ఉంటే నేను గొంతు సవరించుకుంటాను. "జీపు తీయమను. ఏం లేకుంట చేసొద్దాం పా."