రిలీవర్ లేని వంతెన

నాన్న పోయిన కొన్నాళ్ళకు ఆ పాత ఆటను మళ్ళీ కంప్యూటర్లో ఎక్కించాను. నలుగుర్ని వెంటేసుకుని ఊరూరూ తిరుగుతూ, కనబడ్డవాళ్ళతో మాట్లాడుతూ, కొట్లాడుతూ చివరికి ఒక కోట చేరే ఆట. అప్పట్లో మేమిద్దరం సగంలో వదిలేశాం. ఆయన బదులు ముగింపు దాకా పోయి చూడాలనుకున్నాను, అంతే.

ఈసారి తప్పులే ముందు కనిపించాయి. మన వెంట వచ్చేవాళ్ళు ఇరుకు తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకుంటూ ఇరుక్కుపోతారు. సంచి సర్దుకోవడానికే సగం పొద్దు పోతుంది. బొమ్మలు వెలవెలబోయాయి. కానీ మాటలు మాత్రం, ఏం రాశారో మహానుభావులు! ఒక ముసలమ్మకు చేసిన చిన్న సాయాన్ని కూడా ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఆ మాటలన్నీ శక్తినగర్ క్వార్టర్ ముందుగదిలో నేనే నాన్నకు తెలుగులో చెప్పేదాన్ని. నాన్న కరెంటు ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్. ఆయనకొచ్చిన ఇంగ్లిషు మీటర్లకూ స్విచ్చులకూ సరిపోయేది, కథలకు చాలేది కాదు. "ఏమంటుండు బిడ్డా వాడు?" అని ఒకటే సతాయించేవాడు.

వెంట వచ్చేవాళ్ళలో ఒక ముసలి కాపలాదారంటే ఆయనకు ప్రాణం. సగం ఆట అయ్యాక ఒక వంతెన వస్తుంది. గొలుసు పట్టుకుని ఎవరో ఒకరు ఇవతలే నిలబడితేనే మిగతావాళ్ళు దాటగలరు. ముసలాయన నేనుంటానంటాడు.

"మరి ఆయనకు రిలీవర్ ఎవరు?" అన్నాడు నాన్న.

ప్లాంటులో అది ఆచారం. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి చార్జి తీసుకుంటే తప్ప సీటు వదలకూడదు. రాయచూరు నుంచి బస్సు రాకపోతే నాన్న ఆ షిఫ్టు కూడా అక్కడే కూర్చునేవాడు. అమ్మ క్యారియర్ పంపేది.

"ఆటల రిలీవర్ ఉండరు నాయినా."

"గిదేం ఆటనే? మనిషిని నిలబెట్టి పోతరా? బంద్ చెయ్."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మళ్ళీ ఆ ఆట పెట్టనివ్వనూ లేదు.

మొన్న ఆ వంతెన దాకా వచ్చాను. మౌస్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నొక్కలేకపోయాను. ఆసుపత్రి గుర్తొచ్చింది.

రాయచూరు ఆసుపత్రిలో ఆ ఆఖరి సాయంత్రం నాన్న తలుపు వైపే చూస్తున్నాడు. రెప్పలు వాలిపోతున్నా బలవంతాన తెరుస్తున్నాడు.

"రిలీవర్ వచ్చిండా?"

"రిటైరై ఏండ్లయింది నాయినా, పండుకో" అన్నాను.

వినలేదు. మంచం అంచు పట్టుకుని లేవబోయాడు. ఆ అవస్థ చూడలేక నేను గోడవైపు తిరిగాను. అమ్మ నా భుజం పట్టి ఆయన ముందుకు తోసింది.

"వచ్చిండ్రు, సూడు. ఇగ నువ్వు పండుకో."

నాన్న నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కూతురినని గుర్తుపట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"అన్ని యూనిట్లు నడుస్తున్నయి" అన్నాడు. "పైలంగ చూస్కో."

"చూస్కుంట. చార్జి తీస్కున్న" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.